వెనకనుంచి పిలిచి చూడు

పోయిన వారం జమున టీచర్‌ని గంగిపల్లి ప్రాథమిక పాఠశాల వరండాలో, చేతిలో సుద్దముక్కతో నిలబెట్టి వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కోపం కూడా ఏమీ తగ్గలేదు. సంగతి ఏమిటంటే, ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే ఆ బడిలో చదువంతా మూకుమ్మడి వ్యవహారం. ఒక పిల్ల ముందు నిలబడి పాఠం చెబుతుంది, మిగతావాళ్లు కప్పు ఎగిరిపోయేలా ఆమె వెనక అంటారు. రెండో తరగతి భవ్యశ్రీ కూడా అందరితో పాటు పెదాలు కదిపేది, అందరూ తల ఊపితే తనూ ఊపేది. పోయిన వారం ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివిస్తే అసలు విషయం బయటపడింది. ఆ పెదాల వెనక ఒక్క మాట కూడా లేదు. పిల్లకు వినిపించడం లేదు.

ఏడాదిన్నరగా తన కళ్లెదుట, ముందు వరసలో కూర్చున్న పిల్ల! జమునకు ముందు తన మీద తనకే ఒళ్లు మండింది. తర్వాత అంగన్‌వాడీ మీద, ఆ తర్వాత పిల్ల ఇంటివాళ్ల మీద మండింది. అలా మండుతూ మండుతూ శుక్రవారం నాటికి హెడ్మాస్టర్ లక్ష్మీరాజం సార్ దాకా వచ్చింది.

నిజానికి జమున కోపిష్టి మనిషి కాదు. కరీంనగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, గంగిపల్లి స్టేజీ దగ్గర దిగేసరికి ఆమె మొహంలో ఉండే వెలుగు చూసి కండక్టర్ కూడా ఆట పట్టిస్తాడు. గేటు దగ్గరే పిల్లలు చుట్టుముడతారు. "టీచర్, మా బర్రె ఈనింది!" "టీచర్, నా పన్ను ఊడింది, సూడు!" అని ఒకడు ఆ పన్నును జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెడతాడు. దాన్ని ఏం చేయాలో తెలియక ఆమె సుద్దముక్కల డబ్బాలో దాచిపెడుతుంది. ఒకట్ల స్థానంలో ఐదులోంచి ఏడు తీసేయమంటే ఒకతి లేచి, "ఐదు రొట్టెలే ఉంటే ఏడు ఎట్ల తింటరు టీచర్? పక్కింట్ల అడుక్కొని తినాల్నా?" అని నిలదీస్తుంది. అరువు తెచ్చుకోవడం అనే పాఠం ఇంత చక్కగా పుస్తకం రాసినవాళ్లకు కూడా తట్టి ఉండదని జమున ఇంటికి వెళ్లాక కూడా నవ్వుకుంటుంది. ఇంత ఇష్టమైన గది అది. ఆ గదిలోనే ఒక పిల్ల ఇన్నాళ్లూ ఏమీ వినకుండా కూర్చుందన్నది ఆమెకు మింగుడు పడడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత లక్ష్మీరాజం సార్ ఆమెను పిలిచి కుర్చీ చూపించాడు.

"మేడం, జర కూసోండ్రి. గా పిల్ల ముచ్చట ఇడిసిపెట్టుండ్రి."

"ఎట్ల ఇడిసిపెడ్త సార్? పిల్లకు ఇనవడ్తలేదు."

"ఇనవడకపోతే ఏమాయె? లొల్లి పెట్టదు, ఏడ్వది, కొట్లాడది. మిగిలినోళ్లు సుత గట్లనే ఉంటే నాకు బీపీ ఎందుకొస్తుండె?"

ఆయన గొంతు తగ్గించాడు.

"మీరు చెవులు సూపియ్యాలె అంటరు. డాక్టర్లు చూసి కరీంనగర్ల చెవిటి పిల్లల బడిల ఏయుండ్రి అంటరు. ఒక్క పిల్ల పోతే మన స్ట్రెంత్ ఏమయితది? పక్కూరి బడిల కలిపేస్తరు. మీరేమో ట్రైనింగ్ అనుకుంట సోమవారం హైదరాబాద్ పోవడ్తిరి. ఇగ గీడ నేను, గీ గంట మిగుల్తం."

వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పే శిక్షణ కోసం జమున రెండేళ్ల కింద అర్జీ పెట్టుకుంది. తీరా ఇప్పుడు సీటు వచ్చింది. జీతం పెరగదు, హోదా పెరగదు. ఉన్న బడి వదులుకోవాలి, ఇల్లు వదిలి ఏడాది పాటు హాస్టల్లో ఉండాలి. ఇంట్లో వాళ్లు, తోటి టీచర్లు అందరూ నీకేమైనా పిచ్చా అన్నవాళ్లే. పిచ్చేనేమో అని ఆమెకూ అప్పుడప్పుడు అనిపించేది. ఇప్పుడు మాత్రం అలా అనిపించడం లేదు. ఎక్కడో ఉన్న పిల్లల కోసం నేర్చుకోవడానికి పోతూ, ఇక్కడ కళ్లెదుట ఉన్న పిల్లను ఇలాగే వదిలేసి ఎలా పోవాలన్నదే ఆమె బాధ. రేపు శనివారం కరీంనగర్‌లో చెవుల డాక్టరు ఉంటాడు. రేపు తప్పితే తను ఉండదు. తను లేకపోతే ఆ పిల్ల గురించి అడిగే మనిషే ఉండదు.

"సార్, మన బడి నిలవడ్తానికి గా పిల్ల చెవిటిదిగనే ఉండాల్నా?" అనేసి, ఆయన జవాబు కోసం ఆగకుండా లేచి వచ్చేసింది.

సాయంత్రం బడి విడిచాక భవ్యశ్రీ చెయ్యి పట్టుకుని నేరుగా వాళ్ల ఇంటికి నడిచింది.

ఊరి చివర గులాబీ రంగు డాబా అది. భవ్యశ్రీ చంటిపిల్లగా ఉన్నప్పుడు దుబాయ్ పోయి, ఇంతవరకూ ఇంటికి రాని తండ్రి అరుణ్ పంపిన డబ్బుతో కట్టింది. వాకిట్లో అతని భార్య రమ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ అన్నీ ఆ చాటలోనే ఉన్నాయి. టీచర్‌ని చూసి లేవబోయింది కానీ అంతలోనే అత్త లస్మవ్వ కుర్చీ తెచ్చి వేసింది. ఆ ఇంట్లో ఎవరు లేవాలో, ఎవరు మాట్లాడాలో లస్మవ్వే నిర్ణయిస్తుందని జమునకు అప్పుడే అర్థమైంది.

"ఏంది పంతులమ్మా, మా పోరి ఏమన్న లొల్లి జేసిందా?"

"లేదవ్వా. పిల్లకు ఇనవడ్తలేదు. రేపు కరీంనగర్‌ల చెవులు సూపియ్యాలె. నేనే ఎంబడి ఉండి తోల్కపోత."

లస్మవ్వ నవ్వింది. "గింతేనా ముచ్చట! ఇనవడక ఏంది, మొండిది, పిలిస్తే పలుకది. మా అరుణ్‌గాడు సుత ఐదేండ్లదాంక నోరు తెరువలే. ఇప్పుడు దుబాయిల అరబ్బీ మాట్లాడుతుండు. బాసరల దీనికి అక్షరాభ్యాసం చేయించినం. మల్ల ఒకపారి చేయిస్తనని మొక్కుకున్న. సదువులతల్లి నోరిస్తది తియ్యి. రమా, చాయ్ పెట్టే."

"మొక్కు తీర్సుకో అవ్వా, నేను వద్దంటలేను. తల్లి నోరిస్తది. చెవులకు మిషను మాత్రం డాక్టరే ఇయ్యాలె."

"మా ఇంటావంటా చెవిటోళ్లు లేరు!" లస్మవ్వ గొంతు ఒక్కసారిగా పెరిగింది. రమ తల ఎత్తలేదు. చాయ్ పెట్టడానికి కూడా లేవలేదు. ఆమె వేళ్లు మాత్రం ఆకు చుడుతూనే ఉన్నాయి.

ఎంత చెప్పినా లస్మవ్వది ఒకటే పాట. జమునకు గోడతో మాట్లాడుతున్నట్టు విసుగొచ్చింది. ఇక లేద్దామనుకునే సరికి లస్మవ్వే హడావిడిగా లేచింది. కొడుకు పని దిగి ఫోన్ చేసే వేళ అయిందట. భవ్యశ్రీకి గబగబా మొహం కడిగింది, పౌడర్ రాసింది, స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎదురుగా చెంబుకు ఆనించి ఫోన్ నిలబెట్టింది. తను వెళ్లి ఆ ఫోన్ వెనక, పిల్లకు ఎదురుగా నిలబడింది. ఇదంతా రోజూ జరిగే పనేనని వాళ్లు చకచకా చేసే తీరులోనే తెలుస్తోంది. జమున గోడ పక్కన కుర్చీలో ఉండిపోయింది.

ఫోన్ మోగింది. తెర మీద ఎండకు నల్లబడిన మొహం, ఇంకా తలమీద పసుపు టోపీ. పిల్ల కళ్లు మెరిశాయి.

"భవ్యమ్మా! మంచిగున్నవా బిడ్డా?"

ఫోన్ వెనక లస్మవ్వ గడ్డం పైకెత్తింది. "బా...ఊ," అంది పిల్ల.

"అన్నం తిన్నవా?"

లస్మవ్వ తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. పిల్ల తన కడుపు మీద చెయ్యి వేసుకుని తల ఊపింది. అరుణ్ మురిసిపోయాడు. తర్వాత ఒక కథ మొదలుపెట్టాడు. నక్క ఒకటి ఒంటె మీద ఎక్కి దుబాయ్ చూడడానికి పోయిందట. ఒంటె గొంతు ఒకలా, నక్క గొంతు ఒకలా పెట్టి, అలసిపోయి వచ్చిన ఆ మనిషి ఎంత ఆశగా చెబుతున్నాడో! లస్మవ్వ నవ్వినప్పుడల్లా పిల్ల నవ్వుతోంది. లస్మవ్వ కళ్లు పెద్దవి చేస్తే పిల్లా చేస్తోంది. బడిలో కోరస్ దగ్గర ఆ పిల్ల అంత తేలిగ్గా అందరినీ ఎలా నమ్మించిందో జమునకు ఇప్పుడు తెలిసింది. ఆ పని ఇంట్లోనే నేర్పారు.

"ఇగ చెప్పు బిడ్డా, ఇయ్యాల బడిల ఏం పాట చెప్పిండ్రు?"

లస్మవ్వ దగ్గర దానికి సైగ లేదు. పిల్ల నాయనమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"సిగ్నల్ మంచిగ లేదు బిడ్డా, నీ మాట తెగుతుంది," అని లస్మవ్వ చటుక్కున వంగి ఫోన్ కట్ చేసింది.

జమున లేచి నిలబడింది. "సిగ్నల్ మంచిగనే ఉంది గదా అవ్వా! నాకు మొత్తం ఇనవడ్డది. ఎవలిని మోసం జేస్తుండ్రు? దుబాయిల ఉన్నాయననా, గీ పిల్లనా?"

లస్మవ్వ ఏదో గట్టిగా అనబోయింది. అంతలోనే గడప మీద కూలబడింది.

"నాకెరుకే పంతులమ్మా," అంది. "దానికి మూడేండ్లప్పుడే ఎరుక. కరీంనగర్‌ల డాక్టరు దగ్గరికి నేనే తోల్కపోయిన. చెవులకు ఏందేందో పెట్టి సూసిండు. సూసి, మొట్టమొదలు ఏమడిగిండో ఎరుకనా? 'మేనరికమా?' అన్నడు."

రమ చేతులు ఆగిపోయాయి.

"రమ నా సొంత తమ్ముని బిడ్డ. వాడు కాగజ్‌నగర్‌ల కాయితం మిల్లుల పనిజేస్తడు. అరుణ్‌గాడు వద్దన్నడు పంతులమ్మా. 'అవ్వా, దగ్గరి సంబంధం వద్దు, నాకు మనసొప్పుతలేదు' అన్నడు. నేనే ఏడ్చిన. అన్నం మానేసిన. నా తమ్ముని బిడ్డను కాదంటే నేను సచ్చినంత ఒట్టు అన్న. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? వాడేమో ఆకాశమంత ఎత్తు మీద నిలవడి ఇనుప రాడ్లు బిగించే పనిజేస్తడు. గీ ముచ్చట ఇంటే వాని మనసు కరాబైతది. పైన కాలు తప్పితే?"

జమునకు జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ జాలిని మించి కోపం వచ్చింది. తల్లి భయానికి అర్థం ఉంది, కొడుకు కష్టానికి అర్థం ఉంది, కోడలి మౌనానికి కూడా ఏదో అర్థం ఉండే ఉంటుంది. ఇన్ని అర్థాల మధ్య పిల్ల చెవుల సంగతి పట్టించుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

"అవ్వా, మేనరికం చేసుకున్నోళ్లందరికి గిట్లనే అయితదా? కాదు. కొందరికి అయితది. తప్పెవల్ది అని నేను అడుగుతలేను. మూడేండ్లకే మిషను పెట్టిచ్చి, మాటలు నేర్పిస్తే గీపాటికి గీ పిల్ల మీతోటి కొట్లాడుతుండె. నీ మొకం గురించి నువ్వు ఫికర్ జేస్తివి. కొడుకు గురించి పరేషాన్ అయితివి. పిల్ల గురించి ఎవలు పరేషాన్ గావాలె? నేను సోమవారం పోతున్న. రేపు ఒక్కదినమే నా చేతుల ఉంది. నీ కాళ్లు మొక్కుమన్నా మొక్కుత."

"వాడు ఊ అంటే తోల్కపో," అంది లస్మవ్వ మొండిగా. "కానీ వానికి చెప్పద్దు."

చెప్పకుండా ఊ ఎలా అంటాడు? జమున నెత్తి కొట్టుకుంది. అంతలో ఫోన్ మళ్లీ మోగింది. లస్మవ్వ దాన్ని అందుకునే లోపే రమ చాట పక్కన పెట్టి లేచింది. ఒళ్లోని తంబాకు పొడి దులుపుకుని ఫోన్ తీసుకుంది.

"అవ్వేది? ఊకే కట్టయితుంది. గోడకాడ ఎవలో కూసున్నరు, ఎవలు?" అరుణ్ గొంతు.

"బడి పంతులమ్మ. బావా, నువ్వు ఒక్క పనిజెయ్యి. బిడ్డను వెనకనుంచి పిలిచి సూడు."

"ఏందే?"

"నేను ఫోను దాని వెనక పట్టుకుంట. నీ మొకం దానికి కనవడది. పిలువు."

లస్మవ్వ "రమా!" అని అరిచింది. రమ వినిపించుకోలేదు. పిల్ల అప్పటికే స్టూలు దిగి, కింద కూర్చుని తునికాకు ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటోంది. రమ ఫోన్ చప్పుడు పూర్తిగా పెంచి, పిల్ల వీపు వెనక మూరెడు దూరంలో పట్టుకుంది.

"భవ్యా!" అన్నాడు అరుణ్. "భవ్యమ్మా!"

పిల్ల ఇంకో ముక్క పేర్చింది.

"గట్టిగ పిలువు బావా."

"భవ్యా! ఓ భవ్యా! బాపును బిడ్డా, ఇటు సూడు!"

వీధిలో పోతున్న మనిషి ఆగి చూశాడు. ప్రహరీ మీదుగా పక్కింటి పోశవ్వ తల పైకి పెట్టి, "ఎవలే గట్ల పిలుస్తుండ్రు?" అని అడిగింది. ఊరంతటికీ వినిపించిన పిలుపు పిల్లకు వినిపించలేదు. తను పేర్చిన వరస వంకరగా వచ్చిందని సరిచేసుకుంటోంది.

ఫోన్‌లో దూరంగా ఎవరో హిందీలో అరవడం, ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు మాత్రం వచ్చాయి.

"మరి నేను రోజు చెప్పే కథలు?" అన్నాడు చివరికి.

"ఒక్కటి సుత ఇనలే బావా," అంది రమ. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

జమున ఫోన్ తీసుకుంది. ఆలస్యం అయిన మాట నిజమే కానీ ఆశ పోలేదని, పరీక్ష చేయిస్తే ఎంత వినిపిస్తుందో తెలుస్తుందని, మిషనో, ఆపరేషనో డాక్టరు చెబుతాడని, సైగలతో కూడా గొప్పగా చదువుకోవచ్చని చెప్పింది. పిల్ల ఎంత తెలివైనదో కూడా చెప్పింది. "తెలివి లేనిది ఇంతమందిని ఇన్నేండ్లు నమ్మియ్యలేదు. మీరు ఊ అనుండ్రి. రేపు పొద్దుగాల నేనే తోల్కపోత."

"మేడం, ఫోను జర మా అవ్వకియ్యుండ్రి."

లస్మవ్వ రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. పక్కకు తిరిగి దాచుకోలేదు, అబద్ధమూ ఆడలేదు. "మూడేండ్లప్పుడే ఎరుక బిడ్డా. నేనే దాసిన. రమను సుత నేనే చెప్పనియ్యలే. ఏమన్న అంటే నన్ను అను," అంది. జీవితంలో ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడి ఉండదు.

"నిన్ను ఏమంట అవ్వా," అన్నాడు అరుణ్. ఆ గొంతులో కోపం లేదు. ఏ భావమూ లేదు. "రమకియ్యి."

రమ కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"అవ్వ ముసల్ది, భయపడ్డది. మరి నువ్వు? రోజు పక్కనే ఉండి నన్ను పిచ్చోన్ని జేస్తిరి గదనే. నేను ఒంటెలెక్క, నక్కలెక్క ఒర్రుతుంటే సూసుకుంట కూసున్నవా?"

"బావా..."

"పొద్దుగాల బట్టలు సదురుకో. పిల్లను తీసుకొని బస్సెక్కు."

ఒప్పుకున్నాడు! రేపు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవాలి, తొందరగా పోతేనే దొరుకుతుంది, పిల్లకు ఏదైనా తినడానికి పట్టుకోవాలి అని జమున మనసు అప్పుడే కరీంనగర్ బస్టాండు చేరిపోయింది.

"కరీంనగర్‌కే గదా బావా? పంతులమ్మ ఎంబడే పోత," అంది రమ ఆశగా.

"కరీంనగర్ కాదు. కాగజ్‌నగర్‌కు, మీ బాపింటికి. నేను వచ్చేదాక గా ఇంట్ల అడుగు వెట్టకు," అని అరుణ్ ఫోన్ పెట్టేశాడు.